ఏసీలు, హీట్ పంపులు: మీ సందేహాలకు సమాధానాలు

ఎండలు ముదిరే ముందు ఏసీల గురించి ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి వేంపల్లె, పులివెందుల వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన ఇద్దరు తల్లులు అక్కడి హీట్ పంపులను చూసి భయపడి రాశారు. ఏసీ, హీట్ పంప్ ఒకే జాతి యంత్రాలు కాబట్టి అన్నింటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

సందేహం: పోయిన నెల కొత్త స్ప్లిట్ ఏసీ పెట్టించుకున్నాం. విజయవాడలో మా అక్కావాళ్ల ఏసీ పైపు కింద బకెట్టు పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది. మా దాంట్లో చుక్క కూడా పడటం లేదు. గది చల్లగానే ఉంది గానీ గ్యాస్ సరిగా లేని ఏసీ అంటగట్టారేమోనని దిగులుగా ఉంది.
– ఒక గృహిణి, వేంపల్లె

సమాధానం: గది చల్లబడుతోందంటే గ్యాస్ ఉన్నట్టే, దిగులు పెట్టుకోకండి. ఆ నీళ్లు ఏసీలో పుట్టేవి కావు. గదిలోని గాలి చెమ్మ చల్లటి కాయిల్‌కు పట్టి కారేవి. విజయవాడ గాలిలో తేమ ఎక్కువ, మన ఏప్రిల్, మే గాలిలో పిండుదామన్నా చెమ్మ దొరకదు. వానలు మొదలయ్యాక మీ పైపు కూడా కారుతుంది. అప్పుడు నీళ్లు బయటికి పోకుండా లోపలి గోడ మీదికి కారితే మాత్రం మెకానిక్‌ను పిలవండి, పైపులో దుమ్ము అడ్డుపడి ఉంటుంది.

సందేహం: రాత్రిపూట మా ఏసీ ఉన్నట్టుండి ఆగిపోయినట్టు అవుతుంది, మళ్లీ తనే మొదలవుతుంది. మధ్యలో టక్‌మని శబ్దం. స్టెబిలైజర్ కూడా టిక్కు టిక్కుమంటుంది. నాకు 70 ఏళ్లు, ఒంటరిగా ఉంటాను. ఏదైనా పేలుతుందేమోనని భయం.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చక్రాయపేట

సమాధానం: మాస్టారూ, మీరు రాసిన శబ్దాల్లో ప్రమాదానికి గుర్తు ఒక్కటీ లేదు. గది మీరు పెట్టిన డిగ్రీకి చేరగానే కంప్రెసర్ వేగం తగ్గిస్తుంది లేదా ఆగుతుంది. ఆగింది మళ్లీ మొదలవడానికి మూడు నిమిషాల దాకా పట్టడం దాని రక్షణ కోసమే. టక్‌మనేది వేడికి, చల్లదనానికి ప్లాస్టిక్ సాగి ముడుచుకోవడం వల్ల. స్టెబిలైజర్ టిక్కుమంటోందంటే మీ వీధిలో వోల్టేజీ మారుతోంది, అది తన పని తాను చేస్తోంది. అయితే నిమిషానికోసారి ఆగుతూ మొదలవుతూ ఉన్నా, కాలిన వాసన వచ్చినా మెయిన్ స్విచ్ ఆపేసి, తెల్లారాక మనిషిని పిలిపించండి.

సందేహం: మాది కడప బండలు పరిచిన పాత మిద్దె. ఒకటిన్నర టన్ను ఏసీ. మార్చిలో వణికించింది, మే నెల వచ్చేసరికి మధ్యాహ్నం 18లో పెట్టినా గది 28 దాటి దిగడం లేదు. రాత్రి ఎనిమిదింటికి కూడా అంతే. ఏసీ పాడైందా? పెద్ద ఏసీ కొనాలా?
– ఒక వ్యాపారి, వేంపల్లె

సమాధానం: ఏసీ పాడవలేదు, మీ డబ్బు కూడా వృథా కాలేదు. బయట 43 డిగ్రీల ఎండ కాస్తుంటే గదిని 28లో ఉంచడం ఏ యంత్రానికైనా గట్టి పనే. మన దేశంలో ఏసీల శక్తిని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచి పెట్టె మీద రాస్తారు. ఎండ అంతకు మించేకొద్దీ అది బయటికి తోలగలిగే వేడి తగ్గుతుంది. 18లో పెట్టినంత మాత్రాన త్వరగా చల్లబడదు, కంప్రెసర్‌కు తెరిపి లేకుండా చేయడమే అవుతుంది.

మీ అసలు ఇబ్బంది నెత్తిన ఉన్న బండలు. పగలంతా తాగిన వేడిని సాయంత్రం ఆరు నుంచి నడిరాత్రి దాకా అవి గదిలోకి వదులుతూనే ఉంటాయి, అందుకే ఎనిమిదింటికి కూడా మీకు ఉపశమనం లేదు. పెద్ద ఏసీ కొనేముందు మిద్దె మీద చిక్కగా సున్నం కొట్టించండి, లేదా తెల్లటి కూల్ రూఫ్ రంగు వేయించండి. పెద్దలు ఏటా మిద్దెకు సున్నం పూయడం ఉత్తి అలంకారానికి కాదు. పక్కనున్న తెలంగాణ 2023లో చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా విధానమే తెచ్చింది. బయటి యూనిట్‌కు ఎండ తగలకుండా పైన రేకు నీడ వేయొచ్చు గానీ నాలుగు వైపులా కప్పేయకండి, అది విడిచిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. ఇంకా అనుమానముంటే ఒక చిన్న పరీక్ష ఉంది. ఏసీ లోపలికి పీల్చే గాలికి, బయటికి వదిలే గాలికి థర్మామీటరుతో 8 డిగ్రీలకు తక్కువ కాకుండా తేడా ఉంటే యంత్రం బాగున్నట్టే. బయటి ఫ్యాన్ తిరగకపోయినా, లోపల ఉత్త గాలే వస్తున్నా అప్పుడు చూపించాలి.

సందేహం: ప్రతి ఎండాకాలం మెకానిక్ వచ్చి “గ్యాస్ తగ్గింది” అని నింపి డబ్బు తీసుకుంటున్నాడు. ఇది మామూలేనా?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

సమాధానం: మామూలు కాదండీ, అలాగని కంగారు పడాల్సిన సంగతీ కాదు. ఏసీలో గ్యాస్ వాడుకలో అరిగిపోదు, మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. చాలాసార్లు అది బయటి యూనిట్ దగ్గర నట్టు బిగించిన చోటే ఉంటుంది, సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి. ఈసారి ముందు కారే చోటు చూపించమని అడగండి. దాన్ని మూసి, వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, చెమ్మ లాగేసిన తర్వాతే నింపమనండి. ఎంత నింపాలో యూనిట్ మీద చీటీలో గ్రాముల్లో రాసి ఉంటుంది, తూకం వేసి నింపేవాడే పనివాడు.

సందేహం: మా కొత్త ఏసీలో ఆర్-32 గ్యాస్ ఉందట. అది మండే గ్యాస్ అని ఎవరో చెప్పినప్పటి నుంచి మా ఆవిడ ఏసీ గదిలో పడుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ఆమె భయం తప్పు కాదు, కానీ ఆ గదిలో నిశ్చింతగా పడుకోవచ్చు. ఆర్-32ను కొద్దిపాటిగా మండే రకంగానే లెక్కిస్తారు, దాన్ని అంటించాలంటే గాలిలో చాలా ఎక్కువ మోతాదులో చేరాలి, దగ్గర్లో మంట కూడా ఉండాలి. పాత ఏసీల్లోని ఆర్-22 మండదు గానీ ఓజోన్ పొరను తినేస్తుంది. అందుకే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలన్నీ దాన్ని వదిలించుకుంటున్నాయి. జాగ్రత్త పడాల్సింది మరమ్మతు చేసే రోజున. గ్యాస్ పని జరుగుతున్నప్పుడు తలుపులు, కిటికీలు తెరవండి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి.

సందేహం: నాకు కాన్పయి 20 రోజులు. మా ఇల్లు రేకులది, పగలు ఉడికిపోతున్నాం. బిడ్డను ఏసీలో పడుకోబెడితే నిమ్ము చేస్తుందని అత్తమ్మ అంటోంది. ఏం చేయాలో తెలియక ఏడుపొస్తోంది.
– ఒక బాలింత, వేముల

సమాధానం: అమ్మా, ఏడవకండి. మీ అత్తమ్మ భయంలో ప్రేమే ఉంది, మీ ఆలోచనలోనూ తప్పు లేదు. రేకుల కింద ఉడుకుకన్నా 26 డిగ్రీల గది పసిబిడ్డకు మేలు. గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా ఏసీ రెక్కలు పైకి తిప్పండి, పలుచటి గుడ్డ కప్పండి, ఫిల్టర్ వారానికోసారి కడగండి. ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది కాబట్టి మధ్యమధ్యలో తలుపు తీయండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, కాగినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా ఏసీ సంగతి వదిలేసి వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సందేహం: మా ఆయన కువైట్‌లో ఉన్నారు. అక్కడ రూములో 24 గంటలూ ఏసీ ఆపరట. అలా ఆపకుండా నడిస్తే వేడెక్కి అంటుకోదా?
– ఒక సోదరి, రాయచోటి

సమాధానం: ఆపకుండా నడవడం వల్ల ఏసీ అంటుకోదు. కువైట్‌లో ఆపడమే ప్రమాదం. అక్కడి మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అంత ఎండలో గదిలో పడుకునే మనిషికి ఏసీ ప్రాణాధారం. మీ ఆయనకు మీరు చెప్పాల్సింది రెండు మాటలు. ఇసుక గాలి వీచిన ప్రతిసారీ ఫిల్టర్ కడుక్కోమనండి. ప్లగ్గు, వైరు చేత్తో తాకితే కాలేంత వేడిగా ఉంటే మాత్రం అక్కడి యజమానికి వెంటనే చెప్పమనండి.

సందేహం: మా అమ్మాయి దగ్గరికి డల్లాస్ వచ్చాను. జనవరిలో ఒక తెల్లవారుజామున ఇంటి వెనకున్న పెద్ద పెట్టె మీద తెల్లగా మంచు పేరుకుంది. చూస్తుండగానే బుస్సుమని శబ్దం చేసి పొగలు కక్కింది, ఫ్యాను ఆగిపోయింది. వాళ్లిద్దరూ ఆఫీసుకు వెళ్లిపోయారు. ఒక్కదాన్నే ఉన్నాను. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇప్పుడు అది మామూలుగానే నడుస్తోంది గానీ దాని పక్కకు పోవాలంటే భయం.
– వేంపల్లె నుంచి వెళ్లిన ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు చూసింది పొగ కాదు, ఆవిరి. ఎవరు చూసినా మొదటిసారి మీలాగే హడలిపోతారు. ఆ పెట్టె పేరు హీట్ పంప్. మన ఏసీ ఇంట్లో వేడిని బయటికి తోలుతుంది, ఇది చలికాలంలో బయటి వేడిని లోపలికి తోడుతుంది. అంత చలిలో వేడెక్కడిదని మీకు అనిపించొచ్చు. సున్నా డిగ్రీల గాలిలో కూడా కొంత వేడి ఉంటుంది, బోరు మోటారు లోతున ఉన్న నీటిని పైకి తోడినట్టే ఇది ఆ కాస్త వేడిని పైకి తోడి ఇంట్లో పోస్తుంది.

అలా తోడుతున్నప్పుడు బయటి కాయిల్ గడ్డకట్టేంత చల్లగా అవుతుంది, గాలిలోని చెమ్మ దాని మీద మంచై పేరుకుంటుంది. మంచు మందం పెరిగితే గాలి ఆడదు కనుక యంత్రమే కాసేపు తన పనిని తిరగేసుకుంటుంది. ఫ్యాను ఆపి వేడి గ్యాస్‌ను బయటి కాయిల్‌లోకి పంపిస్తుంది, మంచు కరిగి ఆవిరిగా లేస్తుంది. దీన్ని డీఫ్రాస్ట్ అంటారు. మీరు విన్న బుస్సుమనే శబ్దం గ్యాస్ దారి మళ్లించే వాల్వ్‌ది. ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది, చలి, చెమ్మ ఎక్కువున్న రోజు గంటకోసారి జరిగినా సరే, యంత్రం బాగున్నట్టే. మీరు చూసింది పని జరుగుతున్న తీరు, పాడైన తీరు కాదు.

మీరు చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. చలికి దాని మీద దుప్పటి కప్పకండి, మంచును కర్రతో కొట్టకండి, వేడినీళ్లు పోయకండి. చుట్టూ మంచు పడితే మెత్తటి చీపురుతో పక్కకు నెట్టమని అల్లుడికి చెప్పండి చాలు. గంటలు గడిచినా మంచు కరగక పెట్టె మొత్తం గడ్డలా బిగుసుకుపోయినా, నల్లటి పొగ, కాలిన వాసన వచ్చినా అమ్మాయికి ఫోన్ చేయండి.

సందేహం: నేనూ మనవడి కోసం నార్త్ కరోలినా వచ్చాను. ఇంట్లో వచ్చే గాలి గోరువెచ్చగానే ఉంటుంది, చేయి పెడితే చల్లగా కూడా అనిపిస్తుంది. గోడ మీది థర్మోస్టాట్‌లో ఆక్స్ హీట్ అని వెలుగుతోంది. వేడి చాలక మనవడికి జలుబు చేస్తుందేమో.
– ఒక అమ్మమ్మ, పులివెందుల

సమాధానం: ఇంటి థర్మోస్టాట్‌లో మీరు పెట్టిన డిగ్రీ చూపిస్తోందంటే మనవడు వెచ్చగానే ఉన్నాడు. గ్యాస్ ఫర్నేస్ కాలే గాలిని కొద్దిసేపు విసురుతుంది, హీట్ పంప్ గోరువెచ్చటి గాలిని ఎక్కువసేపు వదులుతుంది. ఆ గాలి చాలాసార్లు మన ఒంటి వేడికన్నా కాస్త తక్కువ వేడిగానే ఉంటుంది కాబట్టి చేతికి చల్లగా తోస్తుంది. ఆక్స్ హీట్ అంటే బాగా చలి ఉన్నప్పుడు తోడుగా వెలిగే కరెంటు హీటరు. చలి గట్టిగా ఉన్న రోజు వెలిగితే మామూలే, ఎండ కాసే మధ్యాహ్నం కూడా ఆరకుండా ఉంటే మనిషికి చూపించాలి, లేదంటే బిల్లు మోత మోగుతుంది. ఒక మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, ఇంట్లో బొగ్గు కాల్చి, గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని వాటి విషవాయువుకు చనిపోయినవాళ్లున్నారు. కరెంటు పోతే దుప్పట్లు కప్పుకుని ఒకే గదిలో ఉండండి, లోపల నిప్పు మాత్రం వద్దు.

సందేహం: మా నాన్నకు కీళ్లనొప్పులు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలికి లేవలేకపోతున్నారు. హాట్ అండ్ కోల్డ్ ఏసీ అమ్ముతున్నారు, మన ఊళ్లో పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, వేంపల్లె

సమాధానం: చక్కగా పనికొస్తుంది. అది కూడా ఇప్పుడు చెప్పిన హీట్ పంపే. మన చలి గడ్డకట్టే చలి కాదు కాబట్టి దానికి డీఫ్రాస్ట్ అవసరమే దాదాపు రాదు, ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి తేగలదు. నాన్నగారికి 24లో పెట్టి, తెల్లవారుజామున రెండు గంటలు నడిపితే చాలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టే అలవాటుంటే దయచేసి ఈరోజే మానేయండి.

సందేహం: గీజర్ పాడైంది. హీట్ పంప్ వాటర్ హీటర్ పెట్టించుకోమంటున్నారు. మా బోరు నీళ్లకు పాత గీజర్ కాయిల్ రెండేళ్లకే సున్నం పట్టి పగిలింది. ఇంత డబ్బు పెట్టాక ఇదీ అలాగే అయితే?
– ఒక ఉద్యోగి, ఇడుపులపాయ

సమాధానం: మీ భయానికి మూలం మీ కాళ్ల కిందే ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతి పొరకు వేంపల్లె ఫార్మేషన్ అనే పేరు పెట్టారు. అది ఎక్కువగా డోలమైట్ రాయి, అందులో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. ఆ రాళ్ల సందుల్లోంచి ఊరిన నీళ్లు కాగితే తెల్లటి సున్నపు పొర కట్టక మానదు. అయినా హీట్ పంప్‌కు మీరు జంకనక్కర్లేదు. గీజర్ కాయిల్ నీళ్లలోనే మునిగి సలసలా కాగుతుంది, అందుకే దాని మీద పొర త్వరగా కడుతుంది. హీట్ పంప్‌లో చాలా రకాలకు వేడి గొట్టం ట్యాంకు బయట చుట్టి ఉంటుంది, అంత తీవ్రంగా కాగదు కూడా. కొనేటప్పుడు ఆ రకమే అడగండి, 50 – 55 డిగ్రీల్లో పెట్టుకోండి, వారానికోసారి కాసేపు 60 దాకా వేడిచేస్తే నీళ్లలో క్రిములు చేరవు. ట్యాంకులోని యానోడ్ కడ్డీని ఏడాదికోసారి తీయించి చూడండి, అది తనే కరిగిపోతూ ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

కరెంటు లెక్క కూడా చెబుతాను. 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించడానికి గీజర్‌కు దాదాపు 3 యూనిట్లు పడుతుంది, మన వాతావరణంలో హీట్ పంప్‌కు ఒక్కటి చాలు. దానిలోంచి చల్లటి గాలి రావడం, కింద నీళ్లు కారడం మామూలే. నీళ్లు తుప్పు రంగులో వస్తేనే ట్యాంకు చూపించండి.

సందేహం: ఏసీ లోపలి పెట్టెలో ఐసు గడ్డకట్టింది. పైగా చల్లదనం తగ్గింది. ఐసును స్క్రూడ్రైవర్‌తో గీకమంటారా?
– ఒక విద్యార్థి, కమలాపురం

సమాధానం: గీకకండి, కాయిల్‌కు చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. కూలింగ్ ఆపి ఫ్యాన్ ఒక్కటే రెండు మూడు గంటలు నడపండి, దానంతటదే కరుగుతుంది. మన దుమ్ముకు ఫిల్టర్ మూసుకుపోవడం వల్లే ఎక్కువసార్లు ఇలా అవుతుంది, కడిగి ఆరబెట్టి పెట్టండి. కడిగాక కూడా మళ్లీ ఐసు కడితే గ్యాస్ కారుతోందేమో చూపించాలి.

సందేహం: ఏసీ, కూలర్ రెండూ కలిపి వేస్తే ఇంకా చల్లగా ఉంటుందా?
– ఒక పాఠకుడు, ముద్దనూరు

సమాధానం: ఉండదు, పైగా బిల్లు పెరుగుతుంది. కూలర్ గాలికి చెమ్మ పట్టిస్తుంది, ఏసీ ఆ చెమ్మను పిండడానికే చాలా శక్తి ఖర్చు చేస్తుంది. ఏప్రిల్, మే పొడి గాలిలో కిటికీ తెరిచి కూలర్ ఒక్కటీ వేసుకున్నా హాయిగా ఉంటుంది. ఏసీ వేసే రోజు కిటికీలు మూసి, కూలర్ ఆపి, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా పెట్టండి. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల్లోనే మొదలయ్యేలా వస్తున్నాయి, అక్కడే ఉంచండి. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది.

సందేహం: నిన్న ఏసీ వేయగానే బయటి పెట్టెలో చిటపటలాడి కాలిన కంపు కొట్టింది. ఆపేశాం. ఇల్లు కాలిపోయేదేమో అని పిల్లలు ఇంకా ఏడుస్తున్నారు.
– ఒక తండ్రి, జమ్మలమడుగు

సమాధానం: వెంటనే ఆపేసి మంచి పని చేశారు, ఆ క్షణానే ప్రమాదం తప్పిపోయింది. మన ఊళ్లలో బల్లి వెచ్చదనం కోసం బయటి యూనిట్‌లోని సర్క్యూట్ బోర్డులోకి దూరి మాడిపోవడం తరచూ జరిగేదే. బోర్డు మార్చాల్సి రావచ్చు. మీరే మూత విప్పకండి, కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. బాగు చేయించాక వైర్లు దూరే కంతలన్నీ మూయించండి.

సందేహం: ఏసీ బయటి పెట్టెను తాకితే వేళ్లకు సన్నగా జిల్లుమంటోంది. ఎండాకాలం వస్తేనే ఇలా. చిన్న షాకే కదా, పట్టించుకోనక్కర్లేదని ఇంట్లో అంటున్నారు.
– ఒక గృహిణి, వేంపల్లె

సమాధానం: ఇప్పటిదాకా రాసినవాళ్లందరికీ భయపడకండి అన్నాను. మీరు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లోవాళ్లు కాదన్నా రాశారు కాబట్టి సమయానికి తెలిసింది, దీనికి మందు కూడా సులువే. ఏసీ ఒంటికి చేరిన కరెంటు భూమిలోకి పోవాల్సింది, పోవడం లేదు. వేసవిలోనే జిల్లుమంటోందంటే మీ ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు. పొడిబారిన మన నేలలో కరెంటు సరిగా దిగదు, అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి చెమ్మగా ఉంచుతారు. ఏసీ మెయిన్ ఇప్పుడే ఆపండి. గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోయండి, కానీ నీళ్లు పోశాం కదా అని మళ్లీ ఆన్ చేయకండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ వైరు తెగిందేమో, కరెంటు ఎక్కడ ఒంటికి తగులుతోందో చూపించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, షాక్ తగిలిన క్షణంలోనే అది కరెంటు ఆపేస్తుంది. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపకూడదు. మీ వీధి స్తంభం నుంచే ఇబ్బంది అనిపిస్తే విద్యుత్ శాఖ 1912కు ఫోన్ చేయండి. ఈ పనంతా అయ్యేదాకా పిల్లలను ఆ పెట్టె దగ్గరికి పోనివ్వకండి, తడి చేతులతో మీరూ తాకకండి.